వంటిల్లు లేని దీవి

తెలుగు కథలో ఆడవాళ్ళకి విశ్రాంతి ఎప్పుడు దొరుకుతుంది? నేను చదివినంతలో మూడు సందర్భాల్లో. జబ్బు చేసినప్పుడు, పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, ప్రాణం పోయినప్పుడు. జబ్బు చేసినావిడ కథ అయిపోయేలోపు లేచి కాఫీ పెడుతుంది. కూతురు పురిటి మంచం మీద పడుకోవాలంటే అవతల తల్లి నడుం విరగాలి. ఇక మూడోదాని గురించి చెప్పేదేముంది!

మన స్త్రీవాద సాహిత్యం ఇంటిని గది గదీ సోదా చేసింది. విమల 'వంటిల్లు' కవిత చదివాక మాలో చాలామందిమి వంటింట్లోకి మునుపటిలా అడుగు పెట్టలేకపోయాం. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఒకావిడ ఇల్లు అలుక్కుంటూ అలుక్కుంటూ తన పేరే మర్చిపోతుంది. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు'లో కుండీలో చెట్టునీ బయట పెరిగిన చెట్టునీ పక్కపక్కన పెట్టి ఆడపిల్లల పెంపకం గురించి చెప్పారు. ఇంత పని జరిగింది. అయితే ఆ ఇంటికి తాళం వేసి, మొగుడూ పెళ్ళాం ఇద్దరే విమానం ఎక్కి, ఏ దీవిలోనో సముద్రం ఒడ్డున నాలుగు రాత్రులు గడిపి రావడమన్నది మన మధ్యతరగతికి అలవాటై చాలా కాలమైంది. కొత్త దంపతులు వెళ్తున్నారు. ఎల్‌టీసీ మీద యాభై దాటినవాళ్ళు వెళ్తున్నారు. పిల్లలు అమెరికా నుంచి టికెట్లు కొనిపెడితే అరవై దాటినవాళ్ళూ వెళ్తున్నారు. నేను చదివిన కథలు మాత్రం వాళ్ళని విమానాశ్రయం దాకా దిగబెట్టి వెనక్కి వచ్చేస్తున్నాయి.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా, దీని మీద సాహిత్య విమర్శ ఏమిటి అనే స్నేహితులు నాకున్నారు. పోయేది సరదా ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఆ సరదాలో పెళ్ళి ఉంది, ఆడదాని శరీరం ఉంది, ఇంకొకరి చాకిరీ ఉంది, సముద్రం ఉంది. వీటిలో ఏది మనకి సంబంధించనిది?

రిసార్టుని నేను వంటిల్లు తీసేసిన ఇల్లుగా చదువుతాను. పడకగది ఉంటుంది, స్నానాలగది ఉంటుంది, సముద్రం కనపడే వసారా ఉంటుంది. పొయ్యి, చీపురు, బట్టలారేసే తీగ, అత్తగారి గది, పిల్లలు హోంవర్కు చేసుకునే బల్ల ఉండవు. దంపతుల కోసమని అమ్మే ప్యాకేజీల్లో మంచం మీద పూలరేకులు చల్లుతారు, ఇసుకలో బల్ల వేసి కొవ్వొత్తుల వెలుగులో భోజనం పెడతారు, తెల్ల తువ్వాళ్ళని మడిచి రెండు హంసలు చేసి పక్క మీద ఉంచుతారు. ఆ హంసల మెడలు కలిసిన చోట గుండె ఆకారం వస్తుంది. అసలు పిల్లలకి ప్రవేశమే లేని రిసార్టులు కూడా ఉన్నాయి. సంసారంలోంచి సంసారాన్ని తీసేసి ఇద్దరు మనుషుల్ని మాత్రం మిగిల్చి చూపించడం అన్నమాట. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టిన ఆడమనిషికి ముందు తట్టేది హంసలు కాదు, ఇక్కడ నేను చెయ్యాల్సిన పని లేదు అన్న సంగతి. ఆ క్షణంలో కలిగే తేలికదనాన్ని నేను తక్కువ చెయ్యను. ఏళ్ళ తరబడి రేపు పొద్దున టిఫినేమిటి అని ఆలోచిస్తూ నిద్రలోకి జారుకునే మనిషికి ఆ ఆలోచన లేని నాలుగు రాత్రులు చిన్న విషయమేమీ కాదు.

మరి ఆ పని ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న దగ్గర నాకు ఎప్పుడూ రెండు పుస్తకాలు కలిసి గుర్తుకొస్తాయి. రెండింటికీ మధ్య దాదాపు తొంభై ఏళ్ళ దూరం. ఒకటి కేట్ షోపిన్ నవల 'ద అవేకెనింగ్', 1899లో వచ్చింది. అమెరికా దక్షిణాన, మెక్సికో సింధుశాఖ అంచున ఉన్న గ్రాండ్ ఐల్ అనే దీవిలో మొదలవుతుంది. న్యూ ఆర్లీన్స్‌లోని డబ్బున్న కుటుంబాలు వేసవికి అక్కడ కుటీరాల్లో దిగుతాయి. భర్తలు వారమంతా నగరంలో వ్యాపారం చూసుకుని శని ఆదివారాలు వచ్చిపోతారు. తొలి పేజీల్లోనే ఎడ్నా సముద్రస్నానం నుంచి తిరిగి వస్తుంది. ఎండకి కమిలిపోయిన ఆమెని భర్త చూసే చూపులో, తన సొత్తుకి ఏం నష్టం జరిగిందో అని పరకాయించే యజమాని కనిపిస్తాడు. నీళ్ళలోకి వెళ్ళేముందు ఆమె తన ఉంగరాలు తీసి దాచమని ఆయనకిచ్చింది. ఇప్పుడు మాట్లాడకుండా చెయ్యి చాపుతుంది. ఆయన మాట్లాడకుండా జేబులోంచి తీసి అరచేతిలో వేస్తాడు. అంతే సంఘటన. ఆ వేసవిలోనే ఒక రాత్రి ఆమెకి ఈత వస్తుంది. పక్కన ఎవరిదో ఒకరి చెయ్యి లేనిదే నీళ్ళలో ధైర్యం ఉండని మనిషి ఒంటరిగా దూరం వెళ్ళి, చావుని చూసినంత భయపడి తిరిగొస్తుంది. భర్త లెక్కలో మాత్రం ఆమె వెళ్ళింది పెద్ద దూరమేమీ కాదు. ఆయన ఒడ్డునుంచి చూస్తూనే ఉన్నాడు మరి! భార్య జీవితంలోకెల్లా పెద్ద సాహసాన్ని ఇంత మంచితనంతో, ఇంత తేలిగ్గా కొట్టెయ్యగల భర్తలు మనకి తెలియనివాళ్ళు కారు.

ఈ నవలని చదివినప్పుడల్లా నన్ను పీడించే మనుషులు ఇంకిద్దరున్నారు. ఎడ్నా పిల్లల వెనకాల తిరిగే మిశ్రమజాతి ఆయాకి నవల పొడుగునా పేరు లేదు. కుటీరాల యజమానురాలు మిషను మీద కుడుతుంటే నేల మీద కూర్చుని చేతులతో మిషను తొక్కుడుచెక్కని ఆడించే నల్లపిల్ల ఒకతి ఉంది. పెద్దావిడ ఆరోగ్యం పాడవకూడదు కదా, అందుకు. ఆ పిల్లకీ పేరు లేదు. షోపిన్ వాళ్ళని చూసింది కాబట్టే రాయగలిగింది. రాసి ఎడ్నా దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. ఎడ్నా మేల్కొనడానికి కావలసిన తీరిక ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఇద్దరికీ తెలుసు.

రెండో పుస్తకం జమైకా కిన్‌కెయిడ్ 'ఎ స్మాల్ ప్లేస్', 1988. కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవిలో పుట్టి అమెరికాలో రచయిత్రి అయిన ఆమె, తన దీవికి సెలవులు గడపడానికి వచ్చే తెల్లవాళ్ళని నిలబెట్టి మాట్లాడుతుంది. దీన్ని తెలుగు చెయ్యాలంటే ముందుగా వచ్చే చిక్కు, ఆ టూరిస్టుని 'మీరు' అనాలా 'నువ్వు' అనాలా అని. నేనయితే 'నువ్వు' అనే అంటాను. ఆ కోపం 'మీరు'లో పట్టదు. నువ్వు ఈదులాడుతున్న ఈ నీళ్ళలోకే నీ మరుగుదొడ్డి నుంచి పోయింది కూడా వచ్చి కలుస్తుందేమో, ఎందుకంటే ఈ దీవికి సరైన మురుగు ఏర్పాటు లేదు అని చెబుతుంది. 1974 భూకంపంలో దెబ్బతిన్న గ్రంథాలయం ఏళ్ళు గడిచినా బాగుపడలేదని చూపిస్తుంది. ఏ ఊరివాడికైనా తన బతుకు నుంచి నాలుగు రోజులు తప్పించుకోవాలనే ఉంటుంది, కానీ ప్రపంచంలో ఎక్కువమందికి అందుకు డబ్బు లేదు, వాళ్ళకి లేని ఆ సౌకర్యం నీకుంది కాబట్టే నువ్వంటే వాళ్ళకి పడదు అంటుంది. ఈ పుస్తకం చదివి సముద్రం ఒడ్డుకి వెళ్ళినవాళ్ళకి సముద్రం మునుపటిలా కనిపించదు.

అయితే ఆ 'నువ్వు' ఎవరికి భార్యో, ఎవరికి భర్తో కిన్‌కెయిడ్‌కి పట్టదు. సూట్‌కేసు ఎవరు సర్దారు, మందులు ఎవరు గుర్తుపెట్టుకుని వేశారు, ఇంట్లో వదిలి వచ్చిన పిల్లల గురించి ఎవరికి నిద్ర పట్టడం లేదు, ఇవి ఆమె ప్రశ్నలు కావు. కానక్కర్లేదు కూడా. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో భర్తతో దీవికి వెళ్ళే తెలుగు స్త్రీని చదవాలంటే మాత్రం ఈ రెండు పుస్తకాలూ కలిపి తెరవాలి. భర్త చూపు కింద ఆమె ఎడ్నా. గది ఊడ్చే మనిషి ఎదుట ఆమె కిన్‌కెయిడ్ 'నువ్వు'. పొద్దున పది గంటలకి ఒకటీ, పదింబావుకి ఇంకొకటీ. మన విమర్శ ఇలాంటి మనిషిని బాధితురాలు అనో, వినియోగ సంస్కృతి బానిస అనో ఒక పేరు పెట్టి పక్కన పెట్టేస్తుంది. రెండు పేర్లూ తప్పించుకోవడానికి పనికొచ్చేవే.

సింథియా ఎన్లో 1989లో 'బనానాస్, బీచెస్ అండ్ బేసెస్' అనే పుస్తకంలో పర్యాటకాన్ని అంతర్జాతీయ రాజకీయాల్లో భాగంగా చదివింది. హోటల్ గది ఊడ్చి పక్కలు మార్చే పనిని ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్యగా చూస్తారు కాబట్టే దానికి తక్కువ జీతం ఇవ్వగలుగుతున్నారని ఆమె చెప్పిన మాట తర్వాత చాలామందికి దారి చూపింది. నా ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. వంటిల్లు ఎక్కడికీ పోలేదు. మనకి కనపడని వెనక వాకిట్లోకి జరిగింది.

హేవ్‌లాక్ దీవికి నేనూ నా సహచరుడూ వెళ్ళినప్పుడు ఈ పుస్తకాలేవీ పెట్టెలో లేవు, కానీ బుర్రలోంచి తీసి ఇంట్లో పెట్టి రాలేం కదా. 1857 తిరుగుబాటుని అణచడంలో పేరు తెచ్చుకున్న ఆంగ్ల సేనాని హెన్రీ హేవ్‌లాక్ పేరు ఆ దీవికి పెట్టారు. 2018లో స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. పడవ దగ్గర అరిచి పిలిచేవాళ్ళు ఇంకా హేవ్‌లాక్ అనే అంటున్నారు. ఈ దీవుల గుంపులో పూర్వం బతికిన ఆదివాసులు ఇవాళ లేరు. 1950లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకి ఇక్కడ భూములిచ్చారు. అందుకే ఊళ్ళ పేర్లు గోవింద్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణా నగర్, రాధానగర్. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు అడవి కొట్టి, వరి వేసి, కొబ్బరి నాటిన నేల ఇది. ఇవాళ దాన్ని 'తాకని స్వర్గం' అనే ధోరణిలో అమ్ముతున్నారు. స్వర్గం తాకనిదిగా కనపడాలంటే తాకిన చేతుల్ని దాచెయ్యాలి.

మేము దిగిన చోట మా గది చూసిన అమ్మాయి అలాంటి ఒక బెంగాలీ కుటుంబం పిల్ల. హంసలు చెయ్యడం ఎవరు నేర్పారని నా వచ్చీరాని హిందీలో అడిగాను. ఫోనులో వీడియో చూసి తనే నేర్చుకుందట. మీకు పెళ్ళయి ఎన్నేళ్ళయిందక్కా అని అడిగింది. తొమ్మిదేళ్ళన్నాను. "అయితే రేపట్నుంచి హంసలు వద్దా?" అంది, నవ్వకుండా. నేను చాలాసేపు నవ్వాను. హంసలు కొత్త దంపతులకనీ, మిగతావాళ్ళకి తువ్వాళ్ళు తువ్వాళ్ళుగానే పెడితే తనకి గదికి ఐదు నిమిషాలు కలిసొస్తుందనీ తర్వాత చెప్పింది. ప్రేమకి చిహ్నం మడవడానికి పట్టే కాలాన్ని నిమిషాల్లో లెక్క కట్టగలిగిన మనిషి ఆ దీవిలో ఆమె ఒక్కతే.

రాధానగర్ బీచ్‌ని టైమ్ పత్రిక 2004లో ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది. అప్పటినుంచీ ఆ మాటని అందరూ మోస్తున్నారు. సాయంత్రం అక్కడ నిలబడి చూస్తే సముద్రానికి వీపు పెట్టి నిలుచున్న ఆడవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఎదురుగా ఫోను పట్టుకున్న భర్తలు. కొంచెం ఎడమకి జరుగు, చున్నీ వదులు, నవ్వు, అలా కాదు. సూర్యుడు ఆమె వెనకాల దిగిపోతాడు, ఆమె చూడదు. ఆ ఫొటోల్లో స్నేహితులకి పంపేవి వేరు, అత్తవారి గుంపులో పెట్టేవి వేరు. రెండో రకంలో భుజాలు కప్పి ఉంటాయి. తడిసిన చుడీదారు ఒంటికి అంటుకుంటే లాగి లాగి సరిచేసుకునే చేతులకి సెలవు లేదు. జయప్రభ 'చూపులు' కవిత మన వీధుల్లో, బస్సుల్లో ఆడవాళ్ళని వెంటాడే చూపుల గురించి మొదటిసారి అంత నిర్భయంగా మాట్లాడింది. ఇక్కడ ఉన్నవి వాత్సల్యంతో కూడిన చూపులు, అనుమతి ఉన్న చూపులు. అయినా ఎటు తిరగాలో చెబుతూనే ఉన్నాయి.

ఈ నేపథ్యంలో స్నార్కెలింగ్ నాకు ఒక వింత పాఠంగా కనిపించింది.

హేవ్‌లాక్ జెట్టీ నుంచి స్పీడుబోటు ఎక్కితే ఎలిఫెంట్ బీచ్‌కి తీసుకెళ్తారు. ఒకప్పుడు ఈ దీవుల్లో కలప లాగించడానికి తెచ్చిన ఏనుగుల పేరు దానికి మిగిలింది. అక్కడ మోకాళ్ళ లోతు నుంచి మొదలై మనిషి లోతు దాకా పగడాల దిబ్బలున్నాయి. మొహానికి అద్దం, నోట్లో గొట్టం, ఒంటికి లైఫ్‌జాకెట్ తగిలించి, రబ్బరు చక్రం పట్టుకోమని, గైడు కుర్రాడు ఆ చక్రాన్ని లాక్కుంటూ వెళ్తాడు. ఈత రాకపోయినా ఫరవాలేదు. ఈత రానివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే అని వేరే చెప్పాలా? మా ఊళ్ళో చెరువు ఉండేది, కాలవ ఉండేది, మగపిల్లలందరికీ ఈత వచ్చు. ఆడపిల్లలు గట్టు మీద వాళ్ళ చొక్కాలకి కాపలా.

ముందు నగల పని పడుతుంది. అద్దం కింద ముక్కు కూడా మూసుకుపోవాలి, ముక్కుపుడక ఉంటే ఆ అంచున నీళ్ళు కారతాయి. జుట్టు అద్దం కిందికి వచ్చినా అంతే. మా ముందు వరసలో కాకినాడ వైపు నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి. ఆ అమ్మాయి మెడలో పసుపు తాడు ఇంకా పచ్చగానే ఉంది. నీళ్ళలో జారిపోతే అనే భయం ఆమెది. తీసి లాకర్‌లో పెట్టమని గైడు, వద్దని భర్త, తీస్తే మా అమ్మ చంపేస్తుందని అమ్మాయి. చివరికి ఆ తాడుని జాకెట్టు లోపలికి దోపి, రెండు పిన్నీసులు పెట్టి, పైన లైఫ్‌జాకెట్ బిగించారు. నాకు ఎడ్నా ఉంగరాలు గుర్తొచ్చాయి. ఎడ్నా కనీసం తీసి ఇవ్వగలిగింది. ఓల్గా 'రాజకీయ కథలు' 1993లో వచ్చినప్పుడు, స్త్రీ శరీరంలో ఒక్కో భాగం చుట్టూ ఇంత రాజకీయం ఉందా అని పేచీ పెట్టినవాళ్ళని ఆ లాకర్ల ముందు ఒక అరగంట నిలబెట్టాలనిపించింది.

తర్వాత మొహం నీళ్ళలో పెడతాం.

మొదటి నిమిషం భయమే. ముక్కుతో పీల్చబోతే గాలి రాదు. నోటితో పీల్చడం నేర్చుకోవాలి, అదీ తొందరపడకుండా. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తుంది. ఇంకేమీ వినిపించదు. గొట్టం నోట్లో ఉంది కాబట్టి మాట్లాడలేం, జవాబు చెప్పలేం, బావుందా అని అడిగితే బావుందండీ అనలేం. మొహం కిందికి తిప్పి ఉంది కాబట్టి ఎవరికీ మన మొహం కనపడదు. అద్దం కింద మొహం బిగుసుకుపోయి, పెదవులు గొట్టం చుట్టూ ముడుచుకుపోయి, మనిషి ఎలా ఉంటుందో ఆమెకే తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. పక్కన భర్త ఉన్నాడో లేడో తల పక్కకి తిప్పితే తప్ప తెలియదు. దంపతుల కోసం అమ్మిన ఆ నాలుగు రోజుల్లో ఇద్దరికీ నిజంగా ఏకాంతం దొరికేది ఈ అరగంటే, అదీ ఎవరికి వాళ్ళకి. చూడబడటానికి అంత దూరం తీసుకొచ్చిన మనిషి చూస్తూ ఉంటుంది. నీళ్ళలో వస్తువులు అసలుకంటే మూడోవంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. మెదడు ఆకారంలో పగడపు దిమ్మెలు, జింక కొమ్ముల్లాంటివి, వాటిని కొరుకుతున్న చిలకచేపలు. ఆ కొరుకుడు చప్పుడు శ్రద్ధగా వింటే వినిపిస్తుంది కూడా. మనం వచ్చామని అవేవీ సర్దుకోవు.

గైడు కుర్రాళ్ళు అందరికీ తప్పనిసరిగా చూపించేది 'నీమో'ని. 2003లో వచ్చిన యానిమేషన్ సినిమా పుణ్యమా అని సముద్రపు పువ్వులో కాపురం ఉండే ఆ నారింజ చారల చేపకి ప్రపంచమంతా అదే పేరు. సినిమాలో తల్లి చచ్చిపోతే తండ్రి కొడుకుని వెతుక్కుంటూ వెళ్తాడు. అసలు ఆ చేపల్లో గుంపుకి పెద్ద ఆడచేప. ఆమె చచ్చిపోతే ఆమె జత అయిన మగచేప ఆడచేపగా మారుతుంది. చిలకచేపల్లో చాలా రకాలు అందుకు వ్యతిరేకం, ఆడగా మొదలై కొన్ని మగగా మారతాయి. చేపల్ని చూపించి మనుషుల న్యాయం వాదించడం నాకు ఇష్టం లేదు. ప్రకృతి పేరు చెప్పి మన నోరు మూయించినవాళ్ళ దారి అదే కదా. అయినా 'అమ్మ, నాన్న, బాబు' అనే కథని సముద్రం అడుగుదాకా తీసుకెళ్ళి అతికించడం చూస్తే నవ్వొస్తుంది.

ఆ అమ్మాయి ఒడ్డుకి వచ్చాక అద్దం తీసి, మొహం మీద పడిన ఎర్రటి గీతని తడుముకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. భయమేసిందా అని భర్త అడిగాడు. "ఇంకోసారి వెళ్దామా?" అంది. డబ్బులు మళ్ళీ కట్టాలిట అన్నాడతను. ఫొటోలు బాగా వచ్చాయని ఫోను చూపించాడు. నీళ్ళ కింద గైడు తీసిన ఫొటోల్లో ఆమె బొటనవేలు ఎత్తి చూపిస్తోంది. అలా పెట్టమని గైడే చెప్పాడు.

ఆ చూపుని నేను విముక్తి అనను. ఆమెని లాక్కెళ్ళింది రోజుకి ఎన్నోసార్లు చక్రం లాగే ఒక కుర్రాడి భుజాలు. ఆమె చూసినవి ఆమె చూస్తుండగానే తగ్గిపోతున్నవి. పగడం అంటే రాయి అనుకుంటాం. అది చిన్న చిన్న ప్రాణుల గుంపు. వాటి ఒంట్లో బతికే సూక్ష్మమైన నాచు వాటికి రంగునీ తిండినీ ఇస్తుంది. నీళ్ళు మామూలుకంటే వేడెక్కి అలాగే ఉంటే ఆ నాచుని అవి బయటికి తోసేస్తాయి. తెల్లబడతాయి. త్వరగా చల్లబడకపోతే చచ్చిపోతాయి. అండమాన్ పగడాలు 2010లో బాగా తెల్లబడ్డాయి, 2016లో మళ్ళీ దెబ్బతిన్నాయి. 2024లో ప్రపంచమంతటా పగడాలు తెల్లబడటం నాలుగోసారి జరుగుతోందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మా చక్రం కింద కూడా బూడిదరంగు తుంటలు గుట్టలుగా కనిపించాయి. గైడు వాటి మీదుగా తొందరగా లాక్కెళ్ళాడు, చూడ్డానికి ఏముందక్కడ అన్నట్టు. చూడటం నేర్చుకున్న స్త్రీ వాటిని కూడా చూడాలి. అక్కడికి విమానంలో వచ్చినవాళ్ళలో తనూ ఒకతి అని కూడా.

ఇద్దరే ఉండే చోటు అన్న కల మనకి రిసార్టులతో వచ్చింది కాదు. చలం 1927లో 'మైదానం' రాశాడు. రాజేశ్వరి లాయరు మొగుణ్ణి వదిలేసి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఊరు లేదు, బంధువులు లేరు, ఏటి నీళ్ళూ ఇసుకా ఆకాశమూ. తెలుగులో ఒక స్త్రీ తన శరీరపు సంతోషం గురించి అంత బాహాటంగా మాట్లాడటం దాదాపు మొదలు అది. ఆ నవల మీద వచ్చినన్ని వాదాలు ఇంకో దాని మీద రాలేదు. నన్ను మాత్రం ఎప్పుడూ ఆపేది ఆమె కడుపుతో ఉన్న ఘట్టం. అమీర్‌కి బిడ్డ వద్దు. ఇద్దరికే సరిపోయేలా కట్టుకున్న స్వర్గంలో మూడో ప్రాణికి చోటు లేకపోయింది, దాన్ని తీసెయ్యాల్సిన బాధ్యత ఆమె ఒంటి మీద పడింది. పిల్లలకి ప్రవేశం లేదనే రిసార్టు బోర్డు చదివినప్పుడు నాకు మైదానమే తట్టింది. చలం మైదానానికి తలుపులు లేవు, డబ్బు కట్టక్కర్లేదు, సంఘం నుంచి లేచిపోయి అక్కడికి వెళ్ళాలి. రిసార్టుకి సంఘమే పూలదండలేసి పంపిస్తుంది. మైదానంలో రాజేశ్వరి ఏది కోరి వెళ్ళిందో దాన్నే కాస్త మెత్తబరిచి, నాలుగు రాత్రులకి పరిమితం చేసి, తిరుగు టికెట్‌తో సహా ఇవాళ అమ్ముతున్నారని నా అనుమానం. తిరుగు టికెట్ ఉంది కాబట్టే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఈ తిరుగు ప్రయాణాన్నయినా మన కథకులు పట్టుకుంటే బావుండునని నా ఆశ. సూట్‌కేసు నిండా ఇసుకతో తడి బట్టలు, తాళం తియ్యగానే వంటింట్లోంచి వచ్చే ముక్కవాసన, పాలవాడికి ఫోను. ఇందులో ఎంత కథ ఉంది!

మా తిరుగు ప్రయాణం కూడా 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ మీదుగానే. అక్కడ ఒక పూట ఖాళీ దొరికితే జంగ్లీఘాట్ వైపు వెళ్ళాం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు మత్స్యకారుల పేట అది. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం దాకా ఉన్నారు. టూరిస్టుల తెలుగు వేరు, వీళ్ళ తెలుగు వేరు. చేపల గంపల వెనకాల కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చూడగానే పోల్చుకుంది. "ఏటమ్మా, సేపల్ని సూడ్డానికొచ్చినారా, కొనడానికొచ్చినారా?" అంది. ఆవిడ ముందు చిలకచేప ఒకటి ఉంది, నీళ్ళలో నీలం ఆకుపచ్చగా చూసినదే. ఇక్కడ మసకబారి, పొలుసులు ఎండిపోయి ఉంది. నీళ్ళలో దీన్ని చూశామమ్మా, అన్నాను, మొహానికి అద్దం పెట్టుకుని.

ఆవిడ కత్తిపీట మీదినుంచి తలెత్తింది. "దానికి డబ్బులిచ్చినారా?"

ఇచ్చామన్నాను. ఎంతన్నది అడిగింది, చెప్పాను. అంత డబ్బుకి ఎన్ని కిలోల చేపలొస్తాయో పక్కనావిడతో కలిసి లెక్కేసింది. ఇద్దరూ నవ్వారు. యాభై ఏళ్ళుగా సముద్రం పక్కనే ఉంటోందట. మగవాళ్ళు వలకి వెళ్తారు, తను ఒడ్డున అమ్ముతుంది, నీళ్ళలోకి దిగింది లేదు. ఈత రాదు. "లోపలెలాగుంటాదమ్మా?" అని అడిగింది, ఈసారి నవ్వకుండా, చెయ్యి కడుక్కుని ఇటు తిరిగి కూర్చుంటూ.

నేను చెప్పడం మొదలుపెట్టాను. నాకు ఆ చేపల ఇంగ్లీషు పేర్లు వచ్చు, ఆవిడకి తెలుగు పేర్లు వచ్చు. నేను రంగు చెబితే ఆవిడ పేరు చెప్పింది, ఏ నెలలో పడుతుందో చెప్పింది, పులుసుకి పనికొస్తుందా ఇగురుకా అన్నదీ చెప్పింది. మా బోటు వేళ దాటిపోతోందని నా సహచరుడు రెండుసార్లు గుర్తుచేశాడు.